రాడార్ చూసింది సరే, ఎవరికి చెప్పింది?

నేవీ మాట ఎత్తితే మనవాళ్ళు రాడార్ దగ్గరే ఆగిపోతారు. ఎంత దూరం చూస్తుంది, ఎన్ని టార్గెట్లు పట్టుకుంటుంది, ఇవే ప్రశ్నలు. డిస్ట్రాయర్ లాంటి పెద్ద యుద్ధనౌక విషయంలో అయితే సరే. పాతిక మీటర్ల గస్తీ పడవ, నలభై మీటర్ల మిసైల్ బోటు సంగతి వేరు. అందులో ఉన్నవాడు బతికి ఒడ్డుకు చేరాలంటే రాడార్ కన్నా రేడియో ముఖ్యమని నేను ఎప్పటినుంచో వాదిస్తున్నాను. నాకు పక్షపాతం ఉందనుకోండి, ఉంది. నేను హామ్ రేడియో మనిషిని, అంటే లైసెన్సు తీసుకుని సరదా కోసం రేడియో నడిపేవాణ్ణి, సోమాజిగూడలో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పుణ్యమా అని ఈ పిచ్చి అంటుకుంది, కోఠి గుజరాతీ గల్లీలో కనెక్టర్ల కోసం తిరిగితే గానీ ఆదివారం గడవదు. అయినా కింద రాసినవి చదివాక మీరే చెప్పండి.

ముందు చిన్న పడవ మీదకి అసలు రాడార్ ఎలా ఎక్కిందో చూద్దాం. మొదట్లో వచ్చిన రాడార్లు మీటర్ల పొడవు తరంగాలతో నడిచేవి, సన్నటి కిరణం కావాలంటే యాంటెన్నా మంచె అంత ఉండాలి. తరంగం చిన్నదైతేనే యాంటెన్నా చిన్నదవుతుంది. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో రాండల్, బూట్ అనే ఇద్దరు క్యావిటీ మాగ్నెట్రాన్‌ని పనిచేయించడంతో దాదాపు 10 సెంటీమీటర్ల తరంగాల్ని గట్టి పవర్‌తో పుట్టించడం సాధ్యమైంది, ఆ ఏడాదే బ్రిటిష్ వాళ్ళు దాన్ని అమెరికాకి పట్టుకెళ్ళి చూపించారు. ఇవాళ మీ ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్‌లో గుయ్యిమంటున్నది అదే జాతి ట్యూబు. దాని దయవల్ల 80 అడుగుల చెక్క పడవలైన అమెరికన్ పీటీ బోట్ల (టార్పెడోలు మోసే గస్తీ పడవల) మీదకి కూడా ఎస్‌ఓ అనే రాడార్ ఎక్కింది.

ఎక్కింది గానీ ఎత్తు లేదే! రాడార్ చూపు కూడా భూమి వంపుని దాటి పెద్దగా పోదు. లెక్క సులువు: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 2.2తో గుణిస్తే నాటికల్ మైళ్ళలో దాని క్షితిజం వస్తుంది, ఎదుటి వస్తువుకీ అలాగే కట్టి రెండూ కలపాలి. మన యాంటెన్నా 9 మీటర్ల ఎత్తులో, ఎదుటి పడవ 4 మీటర్ల ఎత్తులో ఉంటే మొత్తం 11 నాటికల్ మైళ్ళు, అంటే 20 కిలోమీటర్లు. పవర్ ఎంత పెంచినా ఈ గీత పెద్దగా జరగదు. గాలి పొరల వల్ల ఒక్కోసారి కిరణం నీటి మీదే వంగి చాలా దూరం పోతుంది, అరేబియా సముద్రం దీనికి బాగా పేరున్న చోటు, కానీ దాన్ని నమ్ముకుని ఎవడూ బయల్దేరడు కదా.

పైగా చిన్న పడవ ఊగుతుంది. అందుకే నావిగేషన్ రాడార్ కిరణం అడ్డంగా రెండు డిగ్రీల లోపు సన్నగా ఉన్నా నిలువుగా 20, 25 డిగ్రీల వెడల్పు ఉంచుతారు, పడవ ఎటు ఒరిగినా టార్గెట్ జారిపోకుండా. ఇక అలల గొడవ. దగ్గర్లో ఉన్న ప్రతి అల కూడా ఎకో ఇస్తుంది, స్క్రీన్ మధ్యలో తెల్లటి ముద్ద కనిపిస్తుంది, దాన్ని తగ్గించడానికి ‘సీ’ అని ఒక నాబ్ ఉంటుంది. ఎక్కువ తిప్పితే అలలతో పాటు నాటు పడవలూ మాయం. ఫైబర్ పడవలు, చెక్క పడవలు ఎలాగూ సరిగ్గా కనబడవు, కాబట్టి మూడు రేకుల్ని మూలగా అతికించిన రిఫ్లెక్టర్‌ని కర్రకి కట్టుకోమని చెబుతారు. అడుగు పొడవు అంచులున్న ఆ రేకుల మూల, మామూలుగా వాడే 3 సెంటీమీటర్ల రాడార్‌కి లెక్క ప్రకారం 30 చదరపు మీటర్ల పైచిలుకు వస్తువులా కనిపిస్తుంది! కరెంటు లేదు, బ్యాటరీ లేదు. ఇంత చవకైన ఎలక్ట్రానిక్స్ (అసలు ఎలక్ట్రానిక్సే లేని ఎలక్ట్రానిక్స్) నాకు ఇంకోటి తెలీదు.

ఇప్పుడు అసలు విషయం.

1943 ఆగస్టు 1 రాత్రి సోలమన్ దీవుల దగ్గర బ్లాకెట్ జలసంధిలో జపాన్ డిస్ట్రాయర్ల కోసం 15 పీటీ బోట్లు కాపు కాశాయి. నాలుగు గుంపులు, గుంపు నాయకుడి పడవకే రాడార్, మిగతా వాళ్ళకి కళ్ళే దిక్కు. ఒక నాయకుడి స్క్రీన్ మీద చుక్కలు పడ్డాయి. ఆయన వాటిని సరుకు మోసే బార్జీలనుకున్నాడు, రేడియోలో వెనకున్న పడవలకి మాట చెప్పకుండానే మీదకి పోయాడు, టార్పెడోలు వదిలాడు, ఇంటిదారి పట్టాడు. రాడార్ ఉన్న పడవలు అలా తిరిగి వెళ్ళిపోతుంటే రాడార్ లేని పడవలు ఆ చీకట్లోనే మిగిలాయి. వాటిలో పీటీ-109 ఒకటి. నీటిలో తెల్లటి చార కనబడకుండా ఒక్క ఇంజనుతో నెమ్మదిగా తిరుగుతోంది. తెల్లవారుజామున రెండు దాటాక అమాగిరి అనే డిస్ట్రాయర్ చీకట్లోంచి వచ్చి దాన్ని రెండు ముక్కలు చేసేసింది. 13 మందిలో ఇద్దరు పోయారు. బతికిన వాళ్ళలో ఆ పడవ నడిపిన లెఫ్టినెంట్ జాన్ ఎఫ్. కెనడీ ఒకడు, తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఈ కథ చెప్పేవాళ్ళు కెనడీ ఈత గురించే చెబుతారు. నాకు మాత్రం ఆ నోరు విప్పని రేడియో మీదే కోపం. చుక్కలు కనిపించాయి కదయ్యా, ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?

ఏడాది తర్వాత, 1944 అక్టోబర్ 24 రాత్రి, ఫిలిప్పీన్స్‌లోని సురిగావ్ జలసంధి. ఈసారి 39 పీటీ బోట్లు. పని స్పష్టం: జపాన్ నౌకలు కనబడగానే అమెరికన్ నౌకల్ని నడిపిస్తున్న అడ్మిరల్ ఓల్డెన్‌డార్ఫ్‌కి కబురు పెట్టాలి, కుదిరితే కొట్టాలి. రాత్రి 10.36కి పీటీ-131 రాడార్‌లో మొదటి చుక్కలు పడ్డాయి. రాడార్ తన పని శుభ్రంగా చేసింది. కబురు మాత్రం వెళ్ళలేదు. జపాన్ నౌకలు సెర్చ్‌లైట్లు వేసి గుండ్లు కురిపిస్తుంటే రేడియోలో చెప్పడం కుదరక, పీటీ-130 పక్క గుంపు కాపు కాసిన దీవి దాకా పరుగెత్తి పీటీ-127కి చెప్పింది, అది ఇంకో నౌకకి, అది అడ్మిరల్‌కి. ఆయన చేతికి కబురు అందేసరికి 12.26. రాడార్ కాంతి వేగంతో చూసింది, కబురు పడవ వేగంతో నడిచింది.

మన దగ్గరికి వద్దాం. 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద దాడికి వెళ్ళినవి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే మూడు మిసైల్ బోట్లు, వెంట కిల్తాన్, కచ్చల్ అనే రెండు పెద్ద నౌకలు. అందుకే డిసెంబర్ 4న నేవీ డే. సోవియట్ తయారీ ఓసా తరగతి బోట్లు అవి, 40 మీటర్ల లోపు పొడవు, నాలుగు మిసైళ్ళు, చిన్న ఒంటికి మించిన పెద్ద రాడార్. సిబ్బంది వ్లాదివోస్తోక్‌లో శిక్షణ పొందినవాళ్ళు కాబట్టి రేడియోలో రష్యన్‌లో మాట్లాడుకున్నారని, వినేవాళ్ళని అలా తికమక పెట్టారని ఆ రోజుల గురించి రాసినవాళ్ళు చెబుతారు. అవతలి వైపు చూడండి. ఖైబర్ అనే పాకిస్తాన్ డిస్ట్రాయర్‌కి నిర్ఘాత్ మిసైల్ తగిలింది. వాళ్ళు విమానం కొట్టిందనుకున్నారు, కంగారులో పంపిన కబురులో తామున్న చోటు కూడా తప్పు పడింది. దాంతో రక్షించడానికి వెళ్ళినవాళ్ళు ఆలస్యంగా చేరారు. రేడియో పనిచేసింది, ఆపరేటర్ ఉన్నాడు. అంకెలు తప్పాయి, అంతే, సముద్రంలో ఉన్నవాళ్ళు గంటల తరబడి నీళ్ళలోనే ఉండిపోయారు.

మా హామ్ కుర్రాడొకడు, ఇంజనీరింగ్ ఇంకా అయిపోలేదు, ఇది విని “అన్నా, మరి ఎప్పుడూ రేడియో, రాడార్ రెండూ ఆన్‌లో పెట్టి ఉంచితే పోలా?” అన్నాడు. పోదురా అబ్బాయ్. రాడార్ పల్స్ వెళ్ళి తగిలి తిరిగి రావాలి, కాబట్టి దాని బలం దూరం నాలుగో ఘాతంతో పడిపోతుంది, రెండింతల దూరం చూడాలంటే పదహారింతల పవర్ కావాలి. ఊరికే వింటూ కూర్చున్నవాడికి ఆ పల్స్ ఒక వైపు ప్రయాణమే, వర్గంతోనే తగ్గుతుంది. అంటే నువ్వు వాణ్ణి చూడకముందే వాడు నీ రాడార్‌ని వింటాడు. అందుకే గస్తీలో ఉన్న పడవలు చాలాసేపు రాడార్‌ని స్టాండ్‌బైలో ఉంచి, అవసరమైనప్పుడు రెండు మూడు చుట్లు తిప్పి మళ్ళీ ఆపేస్తాయి.

ఈ వినే విద్యలో మన హైదరాబాద్‌కి పెద్ద పేరే ఉంది. చాంద్రాయణగుట్టలో ఉన్న డీఎల్‌ఆర్‌ఎల్, డీఆర్‌డీవో వారి ల్యాబ్, శత్రువు రాడార్‌ని పసిగట్టి, ఎటు నుంచో కనిపెట్టి, జామ్ చేసే ఏర్పాట్లు తయారు చేస్తుంది. నేవీకి 2021 నవంబర్‌లో అందించిన ‘శక్తి’ సిస్టం అక్కడిదే, మొదటిది ఐఎన్‌ఎస్ విశాఖపట్నం మీద పెట్టారు. సముద్రం ముఖం చూడని ఊళ్ళో సముద్రానికి చెవులు తయారవుతున్నాయి. ఆ రోడ్డు మీద పోయేవాళ్ళకి మాత్రం అక్కడి ట్రాఫిక్ సంగతే తెలుసు.

ఇక రేడియో పాడయ్యేది ఎందుకంటే, చాలాసార్లు సెట్టులో ఏమీ ఉండదు. పైన కనెక్టర్‌లో నీళ్ళుంటాయి. మా డాబాల మీద వాన నీళ్ళకే, సెట్టుని యాంటెన్నాకి కలిపే కోయాక్స్ కేబుల్ లోపలి రాగి జడ పచ్చగా చిలుం పట్టిపోతుంది, ఉప్పు గాలిలో చెప్పేదేముంది. సెట్టు 25 వాట్లు ఇస్తుంది, కేబుల్ సగం తాగేస్తుంది, మిగతాది తిరిగి సెట్టులోకే వస్తుంది. ఎంత పవర్ వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ పెట్టి చూడరు, సముద్రంలో అందరూ వినే ఛానల్ 16లో పక్కవాడికి వినబడింది కాబట్టి బాగానే ఉందనుకుంటారు, పక్కవాడికి ఒక్క వాట్‌తో కూడా వినబడుతుంది మరి. పైగా చిన్న పడవకి ఒకటే కొయ్య స్తంభం: రాడార్, దగ్గరి మాటలకి వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో, జీపీఎస్, పడవ పేరూ చోటూ తనంతట తనే చాటే ఏఐఎస్ అన్నీ దానిమీదే వేలాడతాయి. ఏఐఎస్ 162 మెగాహెర్ట్జ్ దగ్గర, వీహెచ్‌ఎఫ్ 156 దగ్గర, రెండు యాంటెన్నాలూ పక్కపక్కన పెడితే ఒకటి మాట్లాడినప్పుడు ఇంకోదానికి చెవుడు వస్తుంది. చాలా దూరం మాట్లాడే హెచ్‌ఎఫ్ రేడియో అయితే ఇంకో తలనొప్పి, ఫైబర్ పడవకి ఎర్త్ ఎక్కడ? అడుగున రాగి రేకు పరిచో, లోహపు పలక నీటికి తగిలేలా బిగించో తిప్పలు పడాలి. కొత్త రాడార్ కొనడానికి లక్షలు మంజూరు చేసేవాళ్ళు మంచి కేబుల్ అడిగితే మొహం చిట్లిస్తారు, ఇది నేవీకనే కాదు, నేను పనిచేసిన చోటల్లా చూశాను.

వికారాబాద్ దగ్గర దామగుండం సంగతి కూడా ఒక మాట, ఎందుకంటే అందరూ నన్నే అడుగుతున్నారు. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగిన ఆ కేంద్రాన్ని రాడార్ స్టేషన్ అంటున్నారు గానీ అది రేడియో ట్రాన్స్‌మిటర్. తిరునల్వేలి దగ్గరి ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ తర్వాత అలాంటిది రెండోది. చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ, కిలోమీటర్ల పొడవు తరంగాలు, ఉప్పునీటిలోకి కొన్ని మీటర్ల లోతు దాకా దిగుతాయి, నీటిలో ఉన్న సబ్‌మెరైన్‌కి నిదానంగా అక్షరాలు పంపడానికి. దానికోసం 2,900 ఎకరాల అడవి ఇవ్వాలా అన్న గొడవ న్యాయమైనదే, ఆ లెక్క అడగాల్సిందే.

యుద్ధం పక్కన పెడితే ఇదే సమస్య చేపల పడవలకీ ఉంది. 2017 చివర్లో ఓఖీ తుఫాను వచ్చినప్పుడు హెచ్చరికలు వచ్చేసరికే కేరళ, తమిళనాడు పడవలు చాలా లోపలికి వెళ్ళిపోయి ఉన్నాయి. ఒడ్డు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు. ఆ దెబ్బతో మన ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్రం వారి సముద్ర సమాచార సంస్థ) మరికొందరితో కలిసి జెమిని అనే చిన్న పెట్టెని తెచ్చింది, 2019లో. జీపీఎస్‌కి తోడుగా మన దేశం నడిపే గగన్ ఉపగ్రహాల ద్వారా వచ్చే తుఫాను హెచ్చరిక, చేపలు దొరికే చోటు వివరాలు అందుకుని బ్లూటూత్‌తో ఫోన్‌లో చూపిస్తుంది. మంచి పని. కానీ అది వినడమే, పడవలోవాడు తిరిగి ఒక్క మాట చెప్పలేడు.

చెప్పడానికి ఇస్రో వాళ్ళ డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ 2010 నుంచే ఉంది. ఆపదలో బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా కోస్ట్‌గార్డ్‌కి చేరుతుంది. అయితే పాతదానిలో బటన్ నొక్కినవాడికి అది చేరిందో లేదో తెలిసేది కాదు. మునిగే పడవలో కూర్చుని, మనం నొక్కింది ఎవరైనా చూశారా లేదా అనుకుంటూ ఎదురుచూడటం ఎంత టెన్షనో ఊహించండి. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం పెట్టె ‘అందింది’ అని తిరుగు కబురు ఇస్తుంది. అదే ఏడాది ఆగస్టులో లక్ష పడవలకి రెండువైపులా కబుర్లు నడిచే ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం కూడా మొదలైంది. ఆ పెట్టెల్ని పడవ మీద ఎత్తుగా, ఆకాశం కనబడేలా బిగించి, కనెక్టర్‌కి రబ్బరు టేపు గట్టిగా చుడితే సగం గొడవ తీరుతుంది. దాని మీద వల ఆరేయకుండా ఉంటే మిగతా సగం.