చైనుకి స్కేలు, కాగితాలకి తేదీ

ఆదివారం, పర్లాకిమిడి

వానలు వెనకపట్టాయి. మహేంద్రతనయలో నీరు తగ్గింది, పాతపట్నం రోడ్డు మీద బురద ఎండి దుమ్ము లేస్తోంది. బండిని విప్పి చూడాల్సిన సమయం ఇదే. వానాకాలం చేసిన చెడంతా ఇప్పుడే బయటపడుతుంది: చైనుకి తుప్పు, బ్రేకు డ్రమ్ముల్లో బురద, క్లచ్ వైరులో చెమ్మ, బ్యాటరీ కొసలకి పచ్చటి చిలుము. పొద్దున్నే మొదలుపెట్టి భోజనం వేళకి ముగించిన పని ఇది. వంద సీసీ బండి, రెండు వైపులా డ్రమ్ బ్రేకులే. డిస్క్ ఉన్న బండికి కొన్ని మాటలు వేరుగా ఉంటాయి.

కడగడంతో మొదలు. ఇంజిను చల్లారాకే నీళ్ళు పోయాలి. సైలెన్సరు నోటికి పాలిథిన్ కవరు కట్టుకోవాలి. షెడ్డుల్లో కొట్టే ప్రెషర్ పంపుని చక్రాల ఇరుసు దగ్గరా హ్యాండిల్ కింద బేరింగుల దగ్గరా పెట్టనివ్వకూడదు. ఆ ధాటికి నీరు సీలు దాటి లోపలికి పోయి గ్రీజుని కడిగేస్తుంది. మూడు నెలల తర్వాత చక్రం గరగరమన్నప్పుడు దాని కారణం ఎవరికీ గుర్తుండదు. బకెట్టు, మగ్గు, పాత గుడ్డ చాలు.

తర్వాత చైను. ఎక్కువమంది చేత్తో ఊపి "బానే ఉంది" అనేస్తారు. నేను స్కేలు పెట్టనిదే ఒప్పుకోను. డబుల్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, చైన్ కవరుకున్న రబ్బరు మూత తీసి, కింది చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే వచ్చే లూజు 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక్కచోట కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే చైను అంతటా ఒకేలా అరగదు. చక్రం మెల్లగా తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్న చోట 25 వచ్చేలా పెట్టాలి. లూజుగా ఉన్న చోటు చూసి బిగించేస్తే, బిగుతు చోటు వచ్చినప్పుడల్లా ఆ లాగుడంతా గేరు షాఫ్టు బేరింగు మీద పడుతుంది. వెనక మనిషి కూర్చుని గుంతలో పడితే ఇంకా బిగుస్తుంది. చైను తెగడం కన్నా ఆ బేరింగు పోవడం ఎక్కువ ఖర్చు, ఇంజిను విప్పాలి మరి.

బిగించే పద్ధతిలో తొందర పనికిరాదు. ముందు ఇరుసు నట్టు, దాని లోపలి స్లీవు నట్టు వదులు చేయాలి. తర్వాత రెండు వైపులా అడ్జస్టర్ నట్లని సమానంగా తిప్పాలి, ఇటు అర చుట్టు అయితే అటూ అర చుట్టే. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ మీద గీతలుంటాయి, రెండు పక్కలా ఒకే గీత దగ్గర ఆగాలి. తేడా వస్తే చక్రం వంకరగా నిలబడి స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళ చక్రం) పళ్ళు ఒక పక్కే అరిగిపోతాయి. బిగించాక మళ్ళీ ఒకసారి కొలవాలి, నట్టు బిగిసేటప్పుడు లెక్క కొంచెం మారుతుంది. చక్రం వెనక్కి జరిగింది కాబట్టి వెనక బ్రేకు రాడ్డు కూడా సరిచేయాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు, తీరా బ్రేకు పట్టేసి డ్రమ్ వేడెక్కుతుంది.

చైను శుభ్రానికి కిరోసిన్, మెత్తటి బ్రష్షు. ఆరాక ఎస్ఏఈ 90 గేరాయిల్ లింకుల మధ్యకి దిగేలా పోసి, మిగిలింది తుడిచేయాలి. పైపైన గ్రీజు పూస్తే అది లోపలి పిన్నుల దాకా చేరదు, దుమ్ముని పట్టుకుని ఆకురాయిలా పళ్ళని రాస్తుంది. చైను రెండు కొసల్ని కలిపే లాకు లింకు క్లిప్పు మూసుకున్న వైపు చైను పరుగెత్తే దిక్కుకి ఉండాలి, తెరుచుకున్న నోరు వెనక్కి. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు ఊడుతుంది. వెనక స్ప్రాకెట్ మీద చైనుని వేళ్ళతో వెనక్కి లాగితే సగం పన్ను కనబడుతోందంటే కిట్టు మార్చాల్సిందే. చైను, రెండు స్ప్రాకెట్లు కలిపే మార్చాలి. పాత పళ్ళ మీద కొత్త చైను వేస్తే ఆ కొత్తదీ త్వరగా సాగిపోతుంది.

ఆయిల్. ఇంజిను రెండు మూడు నిమిషాలు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కింది బోల్టు విప్పితే నలక కూడా కొట్టుకొస్తుంది. బోల్టు వాషరు అణిగిపోయి ఉంటే కొత్తది వేయాలి, పది రూపాయల వాషరు కోసం కారుతున్న ఇంజినుతో తిరగడమేంటి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి, అది ఆయిల్లో మునిగే బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ అన్న గుర్తు. కార్లకి పోసే ఆయిల్లో జారుడు పెంచే మందులుంటాయి, మన బండి క్లచ్ అదే ఆయిల్లో మునిగి ఉంటుంది కాబట్టి ప్లేట్లు జారతాయి. గ్రేడు బండి పుస్తకంలో ఉన్నదే, ఈ తరహా బండికి ఎక్కువగా 10డబ్ల్యూ30. ఎంత పోయాలన్నది డబ్బా సైజు చెప్పదు, కొలకర్ర చెబుతుంది. డబుల్ స్టాండు మీద ఇంజిను కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, కొలకర్రని తుడిచి మరలో తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. రెండు గీతల మధ్య ఉంటే సరి. తిప్పి బిగించి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. తీసిన పాత ఆయిల్ని మూత ఉన్న క్యానులో పోసి షెడ్డులో ఇస్తే కొనేవాళ్ళు పట్టుకెళ్తారు. కాలవలో పారబోయొద్దు.

ప్లగ్గు తీస్తే మట్టి రంగులో ఉంది, అంటే మంట సరిగ్గా ఉన్నట్టు. పొడి నలుపు మసి అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది లేదా ఫిల్టరు మూసుకుంది. తడి నలుపైతే ఆయిల్ పైకొస్తోంది, రింగులో వాల్వు సీళ్ళో చూడాలి. తెల్లగా కాలితే పెట్రోలు తక్కువ. గ్యాపు 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు, ఫీలర్ గేజితోనే. తిరిగి పెట్టేటప్పుడు చివరిదాకా చేత్తోనే తిప్పి, ఆనాక పానాతో పాత ప్లగ్గుకి ఎనిమిదో వంతు, కొత్తదానికి అర చుట్టు. అల్యూమినియం మర ఒకసారి పోతే ప్లగ్గు నిలవదు. ఎయిర్ ఫిల్టరు నూనె పట్టించిన కాగితం రకమైతే కడగకూడదు, గాలీ కొట్టకూడదు. సమయానికి మార్చడమొక్కటే.

బ్రేకుల మాట కొండ దారులున్న జిల్లాలో ప్రాణంతో సమానం. డ్రమ్ విప్పాక దుమ్ముని నోటితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవాలి, ఊపిరితిత్తులకి మంచిది కాదు. క్యామ్ పిన్నుకి పలచగా గ్రీజు, షూల మీద ఒక్క బొట్టు పడకూడదు. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ప్లేటు మీది గుర్తుకి బాణం చేరిందంటే షూలు అయిపోయినట్టు, రాడ్డు బిగించి ఇంకొన్నాళ్ళు లాగడం తప్పు. వెనక పెడలుకి 20 నుంచి 30 మిల్లీమీటర్ల లూజు, క్లచ్ లివరు కొసన 10 నుంచి 20. క్లచ్‌లో లూజు లేకపోతే ఆర్. ఉదయగిరి ఘాటు ఎక్కేటప్పుడు ఇంజిను అరుస్తుంది, బండి కదలదు. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజిను ఆపి న్యూట్రల్‌లో జారేవాళ్ళని రోజూ చూస్తున్నాం. అప్పుడు బరువంతా రెండు డ్రమ్ముల మీదే పడుతుంది. అవి వేడెక్కి, ఎంత నొక్కినా పట్టని స్థితి వస్తుంది, సరిగ్గా మలుపు దగ్గరే. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి.

బ్యాటరీ కొసల చిలుము వేణ్ణీళ్ళు, తినేసోడాతో పోయింది. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

అక్టోబరు నెల కాబట్టి మునిగిన బండి గురించి కూడా రాసిపెట్టుకోవాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా వరదల్లో చిక్కుకుంది. నీట మునిగిన బండికి తాళం తిప్పకూడదు, కిక్కు కొట్టకూడదు. గాలిలా నీరు అణగదు. సిలిండర్లో నీరుండగా పిస్టను పైకొస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ముందు నీళ్ళలో ఉండగానే ఫొటోలు, ఆ వెంటనే ఇన్సూరెన్సు కంపెనీకి ఫోను. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ విప్పడం, ప్లగ్గు తీసి మెల్లగా కిక్కు తొక్కి నీరు బయటికి నెట్టడం. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా వస్తే కొత్తది పోసి కాసేపు నడిపి దాన్నీ వంపేసి మళ్ళీ పోయాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండైతే ట్యాంకు, పంపు మెకానిక్‌కే వదలాలి. నీళ్ళలో స్టార్టు చేసి ఇంజిను పాడైతే మామూలు పాలసీలో ఆ నష్టాన్ని చాలాసార్లు తోసిపుచ్చుతారు, దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి.

మధ్యాహ్నం కాగితాలు ముందేసుకున్నాను. "ఊళ్ళోనే తిరుగుతాం కదా మావయ్యా, ఇన్సూరెన్సు ఎందుకు?" అని కుర్రాళ్ళు అడుగుతారు. లేకపోతే జరిమానా మొదటిసారి 2,000, రెండోసారి 4,000. అసలు భయం అది కాదు. ఎవరికైనా తగిలి ప్రాణం పోతే ట్రిబ్యునల్ వేసే నష్టపరిహారం బండి యజమాని ఆస్తి నుంచి కట్టాలి. థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ళ నష్టానికి కట్టే బీమా, ఉంటే మనుషుల ప్రాణానికి, గాయాలకి కంపెనీ కట్టేదానికి గరిష్ఠ పరిమితి లేదు, ఎదుటివాళ్ళ ఆస్తి నష్టానికి మాత్రం లక్ష వరకే. 75 నుంచి 150 సీసీ బండికి 2022 జూన్‌లో ఖరారైన ఏడాది రేటు 714 రూపాయలు, పన్ను అదనం.

ఎక్కువమంది దెబ్బతినేది మరోచోట. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త బండితో అయిదేళ్ళ థర్డ్ పార్టీ తప్పనిసరి. షోరూములో "అయిదేళ్ళ ఇన్సూరెన్సు ఉంది" అని విని ఇంటికొస్తారు. కాగితం చూస్తే రెండు తేదీలుంటాయి: థర్డ్ పార్టీకి అయిదేళ్ళు, మన బండికి జరిగే నష్టం భాగం ఎక్కువగా ఒక్క ఏడాదే. రెండో ఏడు దొంగ ఎత్తుకెళ్ళినా, వరదలో మునిగినా పైసా రాదు. ఆ భాగం ఒక్కటే విడిగా కొనుక్కోవచ్చు, 2019 సెప్టెంబరు నుంచి ఆ వీలుంది. గడువు దాటిందో, బండి చూశాకే ఇస్తారు. 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము చేయని ఏళ్ళకి సొంత నష్టం ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. 15 లక్షల సొంత ప్రమాద బీమా కూడా ఉందో లేదో అదే కాగితంలో చూడాలి. లైసెన్సు చెల్లకపోతే అది పనికిరాదు.

బోనస్ లెక్క నోటితో చెప్పేది కాదు, వేసి చూడాలి. క్లెయిము లేని ఏళ్ళకి వరసగా 20, 25, 35, 45, 50 శాతం. 50కి చేరినవాడు ఒక క్లెయిము చేస్తే సున్నాకి పడి మళ్ళీ ఎక్కాలి. అలా పోయేది 50, 30, 25, 15, 5, కలిపి 125 శాతం. సొంత నష్టం ప్రీమియం 700 అయితే మొత్తం 875 రూపాయలు. కంపెనీ చేతికిచ్చేది అంతకు తక్కువైతే క్లెయిము దండగ, ఎక్కువైతే బోనస్ పోతుందని మానుకోవడం దండగ. చేతికొచ్చేది లెక్కగట్టేటప్పుడు ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీకి సగం కోస్తారని, అద్దానికి కోత లేదని గుర్తుంచుకోవాలి. నష్టం అంచనా వేసే సర్వేయరు చూడకముందు పార్టు విప్పకూడదు.

ఆంధ్రా నంబరు బండి ఇటు కొనేవాళ్ళు ఎక్కువ కాబట్టి అదీ రాస్తున్నాను. పాలసీ దేశమంతా చెల్లుతుంది, సరిహద్దు దాటితే ఏమీ కాదు. కానీ బండి ఒడిశాలోనే 12 నెలలకు మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీఓ ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ ఫారం 27. పేరు మార్పుకి 29, 30. కొన్న 14 రోజుల్లో పాలసీ కూడా మన పేరు మీదికి మార్పించాలి. థర్డ్ పార్టీ బండితోపాటే వస్తుంది, సొంత నష్టం భాగం మాత్రం పేరు మారకపోతే క్లెయిములో నిలవదు. బోనస్ బండిది కాదు, మనిషిది. అమ్మినవాడితోనే పోతుంది. పాలసీలో ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద చెక్కిన అక్షరాలతో ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి, ఒక్క అంకె తేడా ఉన్నా ఇప్పుడే దిద్దించాలి.

వెనక టైరు గాడిలో అరుగుదల గుర్తు దాదాపు పైకి తేలింది. గాలి ఈరోజు గేజితో పెట్టాను: ముందు 25, వెనక 28. ఇద్దరెక్కితే వెనక 41 కావాలి. టైరు, ట్యూబు, రిమ్ టేపు మూడూ కలిపి బుధవారం మార్పించాలి.