అర శ్రుతి తక్కువ

ఆదివారం. రాత్రి పదకొండు దాటింది.

ఇవాళ చేశానని చెప్పుకోదగ్గ పని ఒక్కటే, గిటారుకి తీగలు మార్చాను. ఆర్నెల్లుగా వాయిదా పడుతూ వస్తోంది. పాతవి నల్లబడి, వేలు జరిపితే గరగరమంటున్నాయి. ఆరో తీగ బిరడా బిగుసుకుపోయి ఎంతకీ తిరగలేదు. దాన్ని బతిమాలి విప్పి, కొత్తవి ఎక్కించి, సాగదీసి, శ్రుతి చేసి, అది జారిపోతే మళ్లీ సాగదీసి, మొత్తానికి గంటన్నర తిన్నది. ఒకప్పుడు ఇరవై నిమిషాల పని. ఈమధ్య ఎడమ చేతి ఉంగరపు వేలు పొద్దున్నపూట సరిగ్గా ముడుచుకోవడం లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నానంతే.

తీగల్ని మామూలు శ్రుతికి కాకుండా అర శ్రుతి తక్కువకి బిగించాను. ఐదారేళ్లుగా ఇదే అలవాటు. గొంతు పైకి వెళ్లనని మొరాయించింది కాబట్టి గిటారునే కిందకి దించుకున్నాను. వినేవాళ్లలో చాలామందికి తెలియదు. పాడేవాడికి తెలుస్తుంది.

ఆ పనిలో ఉండగానే మా అమ్మాయి వచ్చి ఫోను నా ముక్కు కింద పెట్టింది. ఏదో మ్యూజిక్ ఫెస్టివల్ పోస్టరు. "నాన్నా, పైన ఉన్న మూడు పేర్లు చూడు. మూడు బ్యాండ్ల సింగర్ల వయసులూ కలుపు, రెండు వందలు దాటుతుంది." తర్వాత రెండు వేళ్లతో బొమ్మని పెద్దది చేస్తూ కిందకి, ఇంకా కిందకి దిగింది. చీమల బారులా ఉన్న ఐదో వరసలో తనకి ప్రాణమైన బ్యాండు పేరు. "వీళ్లకేమో మిట్టమధ్యాహ్నం ఎండలో అరగంట. ఆ తాతలకి రాత్రి రెండు గంటలు. ఎందుకలా?"

"ఎందుకంటే..." అని మొదలుపెట్టి, నాలుగో తీగ శ్రుతి చూసుకుంటున్నట్టు నటించాను.

నిజానికి జవాబు నా దగ్గర ఉంది. ఆఖరున స్టేజీ ఎక్కేవాళ్ల పని వేరు. పొద్దుటి నుంచి రకరకాల స్టేజీల దగ్గర చెదిరిపోయి, కాళ్లు లాగుతూ, సగం నిద్రలో ఉన్న జనాన్ని ఒక్కచోటికి చేర్చి ఒకే పల్లవి పాడించాలి. దానికి తమకోసం రానివాళ్లకి కూడా నోటికొచ్చిన పాటలు పదైనా ఉండాలి. మా రోజుల్లో వినడానికి దారులు తక్కువ. రేడియో వేసిందే అందరూ వినేవాళ్లం, నచ్చకపోయినా వినేవాళ్లం. ఇప్పుడు మా అమ్మాయి పిచ్చిగా వినే నాలుగు బ్యాండ్లలో మూడింటి పేర్లు పక్కనే కూర్చునే దాని స్నేహితురాలికి తెలియవు. అందరికీ తెలిసిన పాటలున్న బ్యాండ్ల తరం నెమ్మదిగా అయిపోతోంది. నిర్వాహకులు ఆ మిగిలిన కొద్దిమందినే తిప్పి తిప్పి పిలుస్తున్నారు. తండ్రి టికెట్టు, కూతురు టికెట్టు రెండూ ఒకే పేరుతో తెగుతాయి మరి.

ఇదంతా చెప్పాను. అది విని, "అంటే బాగా వాయిస్తారని కాదు, భయంలేదని పిలుస్తారన్నమాట" అంది. అంత సూటిగా అంటే ఒప్పుకోవడానికి నాకు కాస్త టైము పట్టింది.

ఎందుకంటే ఇంగ్లండులోని పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్ గ్లాస్టన్‌బరీ సంగతి నాకు గుర్తొచ్చింది. అక్కడ ఎవరెవరు వాయిస్తారో పేర్లు బయటికి రాకముందే టికెట్లన్నీ నిమిషాల్లో అయిపోతాయి. అంటే పేరు చూపించి టికెట్లు అమ్ముకోవాల్సిన అగత్యం వాళ్లకి లేదు. రిస్కు తీసుకోవడానికి ప్రపంచంలో అంతకన్నా వెసులుబాటు ఎవరికుంటుంది? వాళ్లు తీసుకోలేదనీ అనలేను. 2022లో శుక్రవారం రాత్రి 20 ఏళ్ల బిల్లీ ఐలిష్‌కి, శనివారం రాత్రి వారం కిందటే 80 నిండిన పాల్ మెకార్ట్‌నీకి ఇచ్చారు. ఇద్దరికీ అరవై ఏళ్ల తేడా. అలా పక్కపక్కన పెట్టినప్పుడు తాతలా కుర్రాళ్లా అన్న గొడవే ఉండదు.

కానీ చరిత్ర తిరగేస్తే ఒక తమాషా కనిపిస్తుంది. అక్కడ కొత్తవాళ్లకి ఆఖరి చోటు దొరికిన పేరుపడ్డ రెండు సందర్భాల్లో ఎవరిదో ఒకరి ఎముక విరిగింది. 1995లో ద స్టోన్ రోజెస్ వాయించాలి. గిటారిస్టు జాన్ స్క్వైర్ సైకిల్ మీంచి పడి కాలర్ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ ఖాళీలోకి ఆదరాబాదరాగా వచ్చింది పల్ప్. ఇంకా రికార్డుగా రాని పాటలు కూడా ధైర్యంగా వాయించి, ఆ రాత్రితో వాళ్లెవరో దేశమంతా తెలిసేలా చేసుకున్నారు. 2015లో ఫూ ఫైటర్స్ రావాలి. రెండు వారాల ముందు స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో వాళ్ల సింగర్ డేవ్ గ్రోల్ స్టేజీ మీంచి పడ్డాడు, కాలు విరిగింది. (అదే రాత్రి కట్టుతో తిరిగొచ్చి కచేరీ పూర్తిచేశాడనుకోండి, ఆ మనిషి అలాంటివాడు.) ఆయన చోటు ఫ్లోరెన్స్ అండ్ ద మెషీన్‌కి వచ్చింది. ఆ బ్యాండు సింగర్ ఫ్లోరెన్స్ కూడా ఆ ఏప్రిల్‌లోనే అమెరికాలోని కోచెల్లా ఫెస్టివల్‌లో స్టేజీ మీంచి దూకి పాదం విరగ్గొట్టుకుంది. అయినా ఆ రాత్రి పరుగులు పెట్టి పాడింది. అంతెందుకు, 1970లో మొట్టమొదటి ఫెస్టివల్‌కే ద కింక్స్ రాకపోతే మార్క్ బోలన్ బృందం వచ్చింది.

మా అమ్మాయికి ఇది తెగ నచ్చింది. "అయితే మా వాళ్లు పైకి రావాలంటే మీ వాళ్ల ఎముకలు విరగాలా?" అంది. నవ్వాను గానీ నా ఉంగరపు వేలు ఒకసారి నొక్కి చూసుకున్నాను.

పల్ప్ గురించి ఇంకో సంగతి. 1995లో అందరూ కొత్త బ్యాండు అనుకున్నారు గానీ, షెఫీల్డ్‌లో వాళ్లు మొదలుపెట్టింది 1978లో. పదిహేడేళ్లు ఎవరూ పట్టించుకోకుండా వాయిస్తూనే ఉన్నారు. సిద్ధంగా ఉన్నారు, పిలిచినవాడే లేడు. ఇప్పుడు ఐదో వరసలో చీమల్లా ఉన్నవాళ్లలో అలా సిద్ధంగా ఉన్నవాళ్లు ఎంతమందో నేనేం చెప్పగలను? నేను విననే లేదు కదా. ముప్పై ఏళ్ల తర్వాత, 2025లో, పల్ప్ మళ్లీ అదే ఫెస్టివల్‌కి ప్యాచ్‌వర్క్ అని మారుపేరు పెట్టుకుని వచ్చారు. ఆఖరి చోటు కూడా కాదు, శనివారం ఇంకా వెలుతురుండగానే వాయించి వెళ్లారు. పెద్దరికం అంటే నాకు అదీ అనిపించింది. ఆదివారం సాయంత్రం పెద్దవాళ్లకని అక్కడ ఒక వేళ కేటాయిస్తారు. 2014లో డాలీ పార్టన్, 2022లో డయానా రాస్, 2025లో 80 ఏళ్ల రాడ్ స్టీవర్ట్ ఆ వేళలోనే పాడారు. రాత్రి కాకపోయినంత మాత్రాన ఎవరి మర్యాదా తగ్గలేదు.

మధ్యాహ్నం వాన మొదలైంది, బయటి పనులన్నీ అటకెక్కాయి. ఇద్దరం సోఫాలో చేరి వీడియోలు పెట్టుకున్నాం. నా వంతు వచ్చినప్పుడు, ఎలాగైనా దాన్ని ఒప్పించాలని, నీల్ యంగ్ 2025 గ్లాస్టన్‌బరీ కచేరీ పెట్టాను. 79 ఏళ్ల మనిషి. మొదట ఒంటరిగా, చేతిలో చెక్క గిటారు, మెడకి మౌతార్గాను. హంగామా లేదు, వెనక మంటలు లేవు. మొదలుపెట్టిన పాట తన 19వ పుట్టినరోజు నాడు రాసుకున్నది. ఇరవై నిండితే ఇక ఉండనివ్వని ఒక చోటు గురించి. గొంతు సన్నగా వణికింది. ఆ వణుకు పందొమ్మిదేళ్లప్పుడూ కొంత ఉండేది, కాకపోతే అప్పుడు అది బెరుకు. ఆ పాటని ఆ వయసులో, అంతమంది ముందు, మొట్టమొదట పాడాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! నాకు కళ్లు చెమర్చాయి. పక్కకి చూస్తే మా అమ్మాయి కూడా ఫోను పక్కన పెట్టింది. గెలిచాననుకున్నాను.

"బాగుంది" అంది. "కానీ నాన్నా, అదే రాత్రి పక్క స్టేజీ మీద చార్లీ ఎక్స్‌సీఎక్స్ పాడింది తెలుసా? మా వాళ్లందరూ చూసింది అదీ." తెలుసు. పెద్ద స్టేజీ ఈయనకిచ్చి, రెండో స్టేజీ ఆమెకిచ్చారు. ఎవరిది అసలు కచేరీ అనేది నిలబడ్డ చోటుని బట్టి ఉంటుంది.

దాని వంతులో స్లీప్ టోకెన్ పెట్టింది. అందరూ మాస్కులతోనే ఉంటారు. 2025లో డౌన్‌లోడ్ ఫెస్టివల్‌లో ఒక రాత్రి ఆఖరి చోటు వాళ్లదే. భారీ రాక్ అంటే ఇంగ్లండులో అది జరిగే ఆ డోనింగ్టన్ మైదానమే. ఏసీ/డీసీ అక్కడ 1981, 84, 91లో మకుటం పెట్టుకున్న చోటు అది. అక్కడ 2016లో పుట్టిన బ్యాండు ఆఖరున నిలబడిందంటే నిర్వాహకులకి ధైర్యం ఉంటే జరిగేదేనన్నమాట. ఎవరి ఎముకా విరగలేదు. ముఖాలు కనబడవు కాబట్టి ముప్పై ఏళ్ల తర్వాత వీళ్ల వయసు గురించి కూడా ఎవరూ గొణగరు, ముందుచూపున్న కుర్రాళ్లు! సంగీతం నాకు సగమే ఎక్కింది. రెండో పాట మాత్రం ఇంకోసారి పెట్టమన్నాను.

ఈ వయసు గొడవ రాక్‌కే ఎందుకు అని ఆలోచించాను. రవిశంకర్ 1967లో మాంటెరీలో, 1969లో వుడ్‌స్టాక్‌లో ఇవే రాక్ జనాల ముందు వాయించారు. 2012 నవంబరులో, 92 ఏళ్ల వయసులో, పోవడానికి నెల ముందు కూడా కచేరీ చేశారు. ఈ వయసులో ఇంకా ఎందుకు అని ఆయన్ని ఎవరడిగారు? రాగానికి వయసు కలిసొస్తుంది. రాక్ అలా కాదు, అది మొదటి నుంచీ అమ్మిన సరుకే కుర్రతనం. ఆ సరుకు అయిపోయాక కొట్టు తెరిచి ఉంచితే జనం అడగరా మరి?

అడగాల్సినవాళ్లు ఉన్నారు కూడా. వీడ్కోలు టూర్ల వాళ్లంటే నాకు ఒళ్లు మంట. మోట్లీ క్రూ అయితే ఇక టూర్లు చేయబోమని ఏకంగా ఒప్పందం మీద సంతకాలు పెట్టి, 2015 డిసెంబరు 31న ఆఖరి కచేరీ చేసి, నాలుగేళ్లు తిరక్కుండానే ఆ ఒప్పందాన్ని పేల్చేస్తున్నట్టు వీడియో తీసి మరీ తిరిగొచ్చారు. శ్రుతి దించుకున్నారని ఎవర్నీ తప్పుపట్టను, నాకా అర్హత లేదు. తెర మీద మాటలు చూసి పాడినా పర్వాలేదు. ముందే రికార్డు చేసిన గొంతు వెనక నడుస్తుంటే పెదాలు కదిపేవాళ్లకి మాత్రం రాత్రి చోటూ వద్దు, పగటి చోటూ వద్దు. దానికి వయసుతో పనిలేదు, కుర్రాళ్లలోనూ ఉన్నారు. మరోపక్క మెటాలికా ఉంది. 2023 డౌన్‌లోడ్‌లో రెండు రాత్రులు వాయించి ఒక్క పాట కూడా రెండోసారి ముట్టలేదు. 1981 నాటి బ్యాండు! అలాంటివాళ్లు వందేళ్లొచ్చినా ఆఖరున రావొచ్చు.

బ్లాక్ సబాత్ సింగర్ ఓజీ ఆస్‌బోర్న్ దగ్గర నా లెక్కలన్నీ తప్పుతాయి. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో, బ్లాక్ సబాత్ పుట్టిన ఊళ్లో, లేచి నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. నలుగురు అసలు సభ్యులూ కలిసి ఇరవై ఏళ్లయింది. పాట చాలా చోట్ల పట్టు తప్పింది. పదిహేడు రోజులకి పోయాడు. ఆ వీడియో పెట్టమంటే ఇవాళ నేను వద్దన్నాను. అది ఆదివారం మధ్యాహ్నం వాన చూస్తూ చూసేది కాదు.

ఇదంతా రాశాను గానీ నిజం ఒకటి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా నా చేతిలో ఒక్క టికెట్టు పెట్టి, ఐదో వరస చీమలా, డెబ్బై ఏళ్ల సింగరా అని అడిగితే నేను అటే పోతాను, ఆ పాతాయన వైపే. బాగా పాడతాడన్న నమ్మకంతో కాదు, మళ్లీ దొరకడన్న భయంతో. నిర్వాహకుల భయం ఒక రకం, నాది ఒక రకం. రెండూ కలిసే ఆ పోస్టరు మీద అక్షరాలు పెద్దవి చేస్తున్నట్టున్నాయి.

రాత్రి తొమ్మిదికి మా అమ్మాయి గిటారు తీసుకుని తన గదిలోకి వెళ్లింది. ఆ ఐదో వరస బ్యాండు పాట ఫోన్లో పెట్టి దాంతోపాటు వాయించబోయింది. రెండు నిమిషాలకి కేక.

"నాన్నా! కొత్త తీగలన్నావు, శ్రుతి తప్పింది!"

"తప్పలేదు. అర శ్రుతి తక్కువకి పెట్టాను."

కాసేపు చప్పుడు లేదు. "ఎందుకూ?" అనలేదు. బహుశా తెలుసేమో. "పైకి పెట్టేసుకోనా?"

మొదటి మెట్టు మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టుకుంటే సరిపోతుందని, బిరడాలు ముట్టుకోనక్కర్లేదని చెప్పొచ్చు. కాపో నా బల్ల సొరుగులోనే ఉంది.

"పెట్టేసుకో. మొదటి తీగ దగ్గర జాగ్రత్త, నెమ్మదిగా తిప్పు."

ఒక్కొక్క తీగా పైకి వెళ్లడం గోడ ఇవతలికి వినబడుతూనే ఉంది. తర్వాత పాట. మూడోసారికి కలిసింది.