గువ్వ మళ్లీ నీళ్లమీదికి

ఆదివారం పొద్దున టార్పాలిన్ లాగేసరికి ముక్కిపోయిన వాసన గుప్పున కొట్టింది. చెక్క పడవ ఉన్నవాళ్లకి ఆ వాసనంటే గుండె జారిపోతుంది. నవంబర్‌లో దాన్ని బోర్లించి, దిమ్మెల మీద ఎత్తిపెట్టి, కప్పి వదిలేశాను. వదిలేసే ముందు గాలి గదుల మూతలు నాలుగూ తీసి ఉంచాలి, లోపలి తడి ఆరిపోవడానికి. నేను మూడే తీశాను. ఎడమ పక్కది మర్చిపోయాను. ఐదు నెలలు ఆ గది ఊపిరాడకుండా ఉండిపోయింది.

మా పడవ పేరు గువ్వ. మిర్రర్ అనే రకం చిన్న తెరచాప పడవ. 1962లో జాక్ హోల్ట్, బ్యారీ బక్‌నెల్ కలిసి చేసిన డిజైన్, మామూలు వాళ్లు ఇంట్లోనే కట్టుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. ప్లైవుడ్ పలకల్ని రాగి తీగతో బట్ట కుట్టినట్టు కుట్టి, ఆ కుట్ల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ అతికిస్తారు, అంతే. ఇలాంటివి 70,000కు పైగా తయారయ్యాయి. పొడవు 3.3 మీటర్లు, ఉత్త పడవ బరువు 45 కిలోల పైచిలుకు, తెరచాపలు ఎర్రవి. ఇద్దరం మోసుకెళ్లగలం. బోల్తా పడ్డా మునగదు, ఎందుకంటే నాలుగు గదుల్లోనూ గాలే ఉంటుంది. కుట్టు ఎక్కడైనా విడి గదిలోకి నీళ్లు చేరితే ఆ ధీమా ఉండదు. అందుకే ప్రతి వసంతంలోనూ నా మొదటి పని రంగు కాదు, ఈ గదులే.

స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం కొట్టుకుంటూ పోయాను. మంచి చెక్క టక్ టక్‌మంటుంది. మెత్తబడిన చోట చప్పుడు మొద్దుగా, తడి బట్ట మీద కొట్టినట్టు వస్తుంది. అదృష్టం, ఎక్కడా రాలేదు. వాసన బూజు వరకే. రెండు రోజులు ఎండలో మూత తీసి పెడితే పోయింది.

తరవాత సబ్బు నీళ్లు. ఇది మా పాపకి బాగా ఇష్టమైన పని. బ్రష్‌తో కుట్ల పొడుగునా నురగ పూస్తుంది, నేను గది వెనక ఉండే నీళ్లు కార్చే రంధ్రంలో సన్నటి గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊదుతాను. నోటితోనే ఊదాలి. టైర్ల పంపు పెడితే ఉన్న కుట్లు కూడా విడిపోతాయి. మూడు గదులు బాగానే ఉన్నాయి. నాలుగోది ఊదుతుంటే,

"అమ్మా, ఆగు ఆగు! ఇక్కడ బుడగలొస్తున్నాయి."

వంగి చూశాను. పక్క పలకా వెనక పలకా కలిసే మూల. ఆవగింజంత బుడగ ఉబ్బి, పగిలి, మళ్లీ అక్కడే ఇంకొకటి. వేలితో తడిమితే ఏమీ తెలియదు, కంటికి వెంట్రుకంత గీత. పోయినేడు బోల్తా పడ్డప్పుడు ఎడమ గదిలోంచి ఓ చెంబెడు నీళ్లు వచ్చాయి. ఎక్కణ్నుంచి వచ్చాయా అని అప్పుడు వెతికి వెతికి వదిలేశాను. దారి ఇదన్నమాట!

ఆ చుట్టూ పాత వార్నిష్ చెక్క కనబడేదాకా గీకి, ఎపాక్సీ అనే జిగురుతో కొత్త పట్టీ వేశాను. ఎపాక్సీకి చలి పడదు. పది డిగ్రీల లోపైతే రోజుల తరబడి జిగురుగానే ఉంటుంది. అందుకే మధ్యాహ్నం వేసి, రాత్రికి పడవ వెనక భాగం మీద రెండు దుప్పట్లు కప్పాను. గట్టిపడ్డాక పైన జిడ్డు పొర తేలింది. ముందు దాన్ని నీళ్లతో కడిగాకే ఉప్పుకాగితం పట్టాలి. లేకపోతే ఆ జిడ్డునే చెక్కలోకి రుద్దినట్టవుతుంది, పైన వేసిన వార్నిష్ నిలవదు.

తాళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మాస్ట్‌ని, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని, రెండు పక్కలా పట్టి నిలబెట్టే తీగల్ని ష్రౌడ్‌లంటారు. వాటి కింది కొసల్ని పడవ అంచుకి సన్నటి తాడుతో నాలుగైదు చుట్లు చుట్టి కడతాం. మూడేళ్ల కిందట, ఒడ్డుకి మూడొందల మీటర్ల దూరంలో, ఆ సన్నటి తాడు పుటుక్కున తెగింది. చూస్తుండగానే మాస్ట్ పక్కకి వాలి, తెరచాపతో సహా నీళ్లలో పడింది. పాప దాని కింద లేకపోవడం మా పుణ్యం. తెడ్డు వేసుకుంటూ గంట పట్టింది తిరిగి రావడానికి. ఆ తాడు చూడ్డానికి బాగానే ఉండేది, కాస్త రంగు వెలిసిందంతే. ఎండ తాడుని పైకి తెలియకుండా తినేస్తుంది. గోరుతో గీరి చూడండి, పొడి రాలిందంటే దాని పని అయిపోయినట్టే. ఇప్పుడైతే నేను గీరి కూడా చూడను, ఏటా వసంతంలో రెండూ కొత్తవే కడతాను. తీగల్ని మాత్రం దూదితో కిందినుంచి పైదాకా తుడుస్తాను. ఎక్కడైనా ఒక పోగు తెగి ఉంటే దూది దానికి చిక్కుకుంటుంది. చేత్తో తుడిస్తే వేలు కోసుకుపోతుంది.

మిగతావి తొందరగానే తెమిలాయి. కప్పీలు మంచినీళ్లతో కడిగాను, చుక్కాని కొక్కాలు బిగించాను, తెరచాప కుట్లు చూశాను. వెనక రంధ్రాల బిరడాలు మాత్రం మూడుసార్లు లెక్కపెట్టాను.

శనివారానికి అన్నీ సిద్ధం. పాప పొద్దున్నే తయారైపోయింది.

"ఈరోజు దించేద్దామా అమ్మా? ఎండ ఎంత బాగుందో!"

"ఎండ మనకొచ్చిందమ్మా, నీళ్లకి ఇంకా రాలేదు."

థర్మామీటర్‌కి దారం కట్టి నీళ్లలోకి వదిలాం. బయట 21 డిగ్రీలు, నీళ్లలో 9. ఏడాదిలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఈ తేడానే. నీళ్లు 15 డిగ్రీల లోపుంటే, పడగానే మనిషికి తెలియకుండానే ఒక్కసారిగా ఊపిరి లోపలికి లాగేస్తుంది. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే? తరవాత ఒకట్రెండు నిమిషాలు ఊపిరి మన చేతిలో ఉండదు. అప్పుడు ఈదబోకుండా, లైఫ్ జాకెట్‌ని నమ్ముకుని వెల్లకిలా తేలుతూ ఉండాలి. ఊపిరి కుదుటపడ్డాకే పడవ సంగతి. పది నిమిషాలు దాటితే వేళ్లు తాడు పట్టుకోలేవు. ఈత ఎంత వచ్చినా అంతే. అందుకే టీషర్టు వాతావరణంలో ఇద్దరం వెట్‌సూట్‌లు, అంటే చల్లటి నీళ్లలో ఒళ్లు వెచ్చగా ఉంచే రబ్బరు దుస్తులు, తొడుక్కున్నాం. ఒడ్డున చెమటలు పోస్తాయి, పొయ్యనీ.

నడుము లోతు నీళ్లలో కావాలనే గువ్వని పక్కకి పడేశాను. ఐదు నిమిషాలు అలాగే పడుకోబెట్టి ఉంచాను, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి. ఒడ్డుకి లాగి, బిరడాలు తీసి, వెనక భాగం కిందికి వంచి చూశాం. మూడు గదులు పొడి. ఎడమ గదిలోంచి నాలుగు చుక్కలు కారి ఆగిపోయాయి. పాప ఆ రంధ్రం కింద దోసిలి పట్టి ఇంకా వస్తాయేమోనని చూస్తూనే ఉంది.

బిరడాలు మళ్లీ బిగించి, ఒడ్డు వెంబడే అరగంట తిరిగొచ్చాం. రెండో విడత బయల్దేరినప్పుడు చుక్కాని తన చేతికిచ్చి, నేను ముందుకెళ్లి కూర్చున్నాను.