ఎదురుమొండి పాయల్లో బావురుపిల్లి జాడ

మడ అడవిలో మన టైము పనిచేయదు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడే పడవ సన్న పాయల్లోకి దూరుతుంది. పాటు తీసి నీళ్లు వెనక్కి వెళ్లాయంటే బురదలో దిగబడి, మళ్లీ నీళ్లెక్కేదాకా అక్కడే కూర్చోవాలి. అందుకే విజయవాడ నుంచి మూడింటికే బయల్దేరి ఉయ్యూరు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా వెలుగొచ్చేసరికి నాగాయలంక దాటాం. ఏటిమొగ దగ్గర ఏరు దాటించే పంటు ఎక్కి ఎదురుమొండి దీవి చేరాం.

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటిది. చుట్టుపక్కల మడ అడవుల్ని 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. మా పని కెమెరా ట్రాపులు, అంటే ఎదురుగా జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు, చూసి రావడం. అటవీశాఖ అనుమతితో, వాచర్‌ని వెంటబెట్టుకుని, చెట్లకు కట్టిన కెమెరాల్లో బ్యాటరీలు, మెమొరీ కార్డులు మార్చాలి. వెతుకుతున్నది బావురుపిల్లిని, అదే ఫిషింగ్ క్యాట్‌ని. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పులికిచ్చిన మొదటి షెడ్యూలు రక్షణే దీనికీ ఇచ్చింది. అయినా మన జిల్లాలో దాని పేరు విన్నవాళ్లే తక్కువ. ఆ బాధతోనే నేను ఈ పనిలో చేరాను.

పడవ దిగగానే మోకాలి లోతు బురద. పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేర్లు అరికాళ్లలో గుచ్చుకుంటాయి. ఒకచోట కొమ్మ పట్టుకోబోతే పడవ నడిపే బాబాయ్ కేకేశాడు: "అమ్మాయ్, అది తిల్ల! పాలు కంట్లో పడితే చూపు పోద్ది."

మొదటి కెమెరా పెట్టె తెరిచాను. బిగింపు మీద ఉప్పు తెల్లగా పేరుకుంది, లోపల తేమ పీల్చే పొట్లం మెత్తబడిపోయింది. అద్దం తుడిచి, కొత్త బ్యాటరీలేసి, దాని ముందు పిల్లి ఎత్తుకు వంగి నడిచాను. ఎర్రలైటు వెలిగితే నన్ను పట్టినట్టే. దారికి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా కడతారు. ఒంటి మీది మచ్చలు ఏ పిల్లివి దానివే, రెండు పక్కలా ఫొటో దొరికితేనే ఏది ఏదో తేల్చగలం.

మాతో వచ్చిన గుంటూరు కుర్రాడు న్యూజీలాండ్‌లో చదివే రోజుల్లో అక్కడి దీవుల్లో బోనులు చూసే పనికి వెళ్లేవాడట. అవి చంపే బోనులు. ఓడల్లో మనుషుల వెంట వచ్చిన ఎలుకలు, కుందేళ్లను తగ్గించడానికి తెచ్చి వదిలిన స్టోట్‌లు (ముంగిసలాంటి చిన్న వేటజంతువులు) అక్కడి పక్షుల గుడ్లనూ పిల్లలనూ తినేస్తున్నాయి. 2050 నాటికి వాటిని లేకుండా చేస్తామని ఆ దేశం 2016లో ప్రకటించింది. వాలంటీర్లు చచ్చినదాన్ని తీసి, ఎర మార్చి, స్ప్రింగు బిగించి వస్తారు. వాళ్ల కష్టమూ గొప్పదే. మన పిల్లి మాత్రం ఈ నేలదే, దాన్ని పట్టేది ఫొటోలోనే.

పాటు తీసేలోపు అన్నీ ముగించి, పడవలోనే కార్డులు ల్యాప్‌టాప్‌లో పెట్టాం. ఊగే ఆకులు, కొంగ, మళ్లీ ఆకులు, నక్క, నీటికుక్కల గుంపు. తర్వాత వచ్చింది బావురుపిల్లి! పొట్టి తోక, బలిసిన మెడ, నోట్లో చేప. బొచ్చు కొసలు తడిసి అంటుకుపోయాయి. దాని బొచ్చు కింద మరో దట్టమైన పొర ఉంటుంది, ఎంత ఈదినా చర్మం దాకా నీళ్లు దిగవు. ఆనందంతో అరిచేశాను.

తిరుగుదారిలో ఓ రొయ్యల చెరువు గట్టున ఆగాం. పిల్లి తన రొయ్యలు తినేస్తోందని రైతు గట్టిగానే చెప్పాడు. అతని నష్టం అతనిది, కొట్టిపారేయలేం. ఫొటో చూపిస్తే చాలాసేపు చూశాడు. "ఇదేనా? నక్కేమో అనుకున్నా" అన్నాడు. రాత్రిళ్లు వచ్చేది ఏదో తేల్చుకోవడానికి తన గట్టు మీదా ఒక కెమెరా కట్టమన్నాడు. మా దగ్గర మిగిలిన జతను అక్కడే, అతను చూపించిన తూము పక్కన కట్టాం.