ఆఖరి ఈఎంఐ

నిన్న రాత్రి వాచీ ఆఖరి ఈఎంఐ కట్ అయిందని మెసేజ్ వచ్చింది. 14 వేల వాచీ. తనని మొదటిసారి కలవడానికి రెండ్రోజుల ముందు కొన్నా, జీతం పడటానికి ఇంకా వారం ఉంది, అయినా షాపతను నా చేతికి సరిపోయేలా చైన్‌లో రెండు ముక్కలు తీసి పిన్ను కొడుతుంటే గుండె దడదడలాడింది, ఇది లేకుండా తన ముందు ఎలా కూర్చోవాలి అనిపించింది అప్పుడు.

ఈమధ్యే ఒకటి చదివా. 2009లో మాంట్రియల్‌లో చేసిన స్టడీ అది, 39 మంది కుర్రాళ్ళకి ఓసారి ఖరీదైన పోర్షే కారు, ఓసారి పాత టయోటా కామ్రీ నడపమని ఇచ్చి ఉమ్ము టెస్ట్ చేస్తే పోర్షే నడిపాక టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ పెరిగిందట, చూసేవాళ్ళు పెద్దగా లేని హైవే మీద కూడా! 2018లో ఇంకోటి, 243 మంది మగవాళ్ళలో కొందరికి టెస్టోస్టెరాన్ జెల్, కొందరికి ఉత్తుత్తి జెల్ రాశారు, అసలుది రాసుకున్నవాళ్ళు క్వాలిటీ సమానమే అనుకునే బ్రాండ్లలో కూడా హోదా ఉన్నదాని వైపే ఎక్కువ మొగ్గారు. అంటే వస్తువు హార్మోన్‌ని లేపుతుంది, హార్మోన్ మళ్ళీ వస్తువు వైపు లాగుతుంది.

చదివాక చాలాసేపు ఊరికే కూర్చుండిపోయా. మొత్తం హార్మోన్ మీదకి తోసెయ్యలేను, కార్డు గీకింది నేనే కదా. కానీ ఆరోజు ఆ దడ ఎందుకో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది.

తను మాత్రం వాచీ వంక చూడనేలేదు. మా అమ్మ మోకాలి ఆపరేషన్ గురించి నేను చెప్తుంటే కాఫీ మీద మీగడ కట్టేదాకా కదలకుండా వింది.