డొమైన్ల వేటలో పది ప్రాక్సీలు: మే, జూన్ డైరీ

మే 4

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాయడం నా ఉద్యోగం. సత్యనారాయణపురంలో ఇంటికొచ్చి భోంచేశాక డొమైన్ పేర్లు, అంటే వెబ్‌సైట్ల అడ్రస్సులు, వెతకడం నా పిచ్చి. తెలుగు తిండి పేర్లు, ఊళ్ల పేర్లు, ఇంట్లో వాడే మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఎవరూ కొనకుండా ఏవి మిగిలాయో చూస్తాను. పేరున్న షాపులవీ కంపెనీలవీ ముట్టుకోను. అవి తర్వాత తగవులకి దారి.

తెలుగుతో వచ్చే చిక్కు స్పెల్లింగే. ఆవకాయలో మొదటి 'ఏ' ఒకటా, రెండా? పచ్చడిలో 'సీహెచ్' ఒకసారి రాస్తే చాలా, ముందు ఇంకో 'సీ' తగిలించాలా? 350 మాటలతో మొదలుపెడితే స్పెల్లింగులన్నీ కలిపి 1,400 అయ్యాయి. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఇన్ మూడూ చూడాలంటే 4,200.

ఒక్కొక్కటీ చేత్తో కొట్టి చూడటం అయ్యే పని కాదని, గుత్తగా చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొన్నాను. యాభై థ్రెడ్లు, అంటే ఒకేసారి యాభై ప్రశ్నలు వెళ్లేలా, పెట్టి స్టార్ట్ నొక్కా. మొదటి రెండొందల పేర్లు జలజలా రాలాయి. ఆ తర్వాత అన్నీ ఎర్ర గీతలే. ఒకే ఐపీ అడ్రస్ (నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబరు) నుంచి ఎడతెరిపి లేకుండా ప్రశ్నలొస్తే రిజిస్ట్రీ (ఆ పేర్ల అసలు చిట్టా ఉంచే సంస్థ) సర్వర్ కాసేపు తలుపు మూసేస్తుంది.

మా షాపుల లైన్లో ఇది రోజూ జరిగేదే. పక్క షాపులో బేరింగ్ రేటు కనుక్కోడానికి ఒకే కుర్రాణ్ణి నాలుగుసార్లు పంపితే ఐదోసారి వాడికి రేటు చెప్పరు. ఇంకో కుర్రాణ్ణి పంపాలి. ఆ ఇంకో కుర్రాడే ప్రాక్సీ: మన ప్రశ్నని తన ఐపీ మీద అడిగిపెట్టే మధ్య కంప్యూటర్.

మే 9

ఊరికే దొరికే ప్రాక్సీల లిస్టు ఒకటి దించాను. 800 ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న టెస్టర్‌తో, పది సెకన్లలో జవాబు రాకపోతే వదిలేసేలా పెట్టి చూస్తే 31 బతికున్నాయి. సరేనని వాటితోనే నడిపించి పడుకున్నా. పొద్దున్న లేచేసరికి 1,140 పేర్లు పచ్చగా మెరుస్తున్నాయి. ఖాళీ అని! కాఫీ కూడా తాగకుండా మంచివి ఓ ఇరవై ఏరి, కొనడానికి రిజిస్ట్రార్ (పేర్లు అమ్మే కంపెనీ) సైట్లో కొడితే ఇరవైకి ఇరవై ఎవరివో.

మా బావమరిది వచ్చి వెనక నిలబడి చూస్తున్నాడు. సరదాకి గూగుల్ డాట్ కామ్ అని టైపు చేసి ఎంటర్ నొక్కాడు. పచ్చ గీత. "బావా, గూగుల్ ఖాళీగా ఉందంట, కొనేద్దామా?" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు, నేను తప్ప.

మధ్యాహ్నం లాగ్ ఫైలు (వచ్చిన జవాబుల చిట్టా) తెరిస్తే విషయం బయటపడింది. చాలా ప్రాక్సీలు 'అనుమతి లేదు' అన్న పేజీని తిప్పి పంపుతున్నాయి. సాఫ్ట్‌వేర్ ఏమో జవాబులో 'రిజిస్టర్ అయింది' అన్న ఆనవాలు కనబడకపోతే ఖాళీ అని రాసేసుకుంటోంది. సెట్టింగుల్లో దాన్ని తిరగేశాను: 'దొరకలేదు' అని రిజిస్ట్రీ స్పష్టంగా చెబితేనే ఖాళీ, మిగతాదంతా 'తెలీదు'. ఇంకో పని కూడా చేశా. ప్రతి వంద పేర్ల మధ్యలో గూగుల్ డాట్ కామ్‌ని ఇరికించాను. అది ఖాళీ అని వస్తే ఆ వందా చెత్తబుట్టలోకే. బావమరిది చేసిన మేలు అది.

ఉచిత ప్రాక్సీలతో ఇంకో బాధుంది. మా సాఫ్ట్‌వేర్ పేరు ఎవరిదో రిజిస్ట్రీని అడిగేది హూఈజ్ అనే పాత పద్ధతిలో. ఆ ప్రశ్న సాదా టెక్స్ట్‌గా వెళ్తుంది. మధ్యలో కూర్చున్నవాడు ఎవడైనా సరే, నేను ఏ పేరు మీద కన్నేశానో చదువుకోవచ్చు.

మే 17

డబ్బు పెట్టి పది ప్రైవేటు ప్రాక్సీలు తీసుకున్నా. నెలకి ఎనిమిది వందల యాభై. వాళ్లు ఇచ్చిన వరస ఐపీ, పోర్టు (కంప్యూటర్‌లో ఒక్కో పనికి ఉండే తలుపు నంబరు), యూజర్, పాస్‌వర్డ్. మా సాఫ్ట్‌వేర్‌కి యూజర్, పాస్‌వర్డ్ ముందు రావాలి. నోట్‌ప్యాడ్‌లో పదీ తిరగరాసుకున్నా.

అయినా ఒక్కటీ కదల్లేదు. బ్రౌజర్లో పెడితే బంగారంలా పనిచేస్తున్నాయి, హూఈజ్‌కి మాత్రం మొరాయిస్తున్నాయి. రెండు రాత్రుళ్లు తల గోక్కున్నాక తెలిసింది. అవి హెచ్‌టీటీపీ ప్రాక్సీలు (వెబ్ పేజీల కోసం చేసినవి), పోర్టు 3128, అంటే లోపల ఉన్నది స్క్విడ్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ అయ్యుండాలి. వేరే సర్వర్‌కి నేరుగా దారి ఇమ్మని 'కనెక్ట్' అడిగితే, స్క్విడ్ మామూలు సెట్టింగుల్లో భద్రమైన వెబ్‌సైట్లు వాడే 443 పోర్టుకే ఇస్తుంది. హూఈజ్ మాట్లాడేది 43లో. ఏ రకం ప్రశ్ననైనా మోసే సాక్స్5 ప్రాక్సీలకి మామూలుగా ఈ పట్టింపు ఉండదు. అమ్మినవాళ్లకి మెయిల్ పెడితే అదే ధరకి సాక్స్5కి మార్చారు. కొనేముందు "43 పోర్టు తెరిచి ఉంటుందా?" అని ఒక్క ముక్క అడిగుంటే సరిపోయేది.

మే 26

ఎండ మండిపోతోంది. సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది, పావుగంటకి వచ్చింది. వచ్చాక పది ప్రాక్సీలూ ఒకేసారి తలుపు మూసేశాయి. అంటే నువ్వెవరో నాకు తెలీదు పో అని.

పాస్‌వర్డ్ మాటిమాటికీ ఎందుకని, నా ఇంటి ఐపీని వాళ్ల దగ్గర నమోదు చేసి పెట్టుకున్నా. ఇన్వర్టర్‌కి ఫ్యాన్లూ లైట్లూ ఉన్నాయి గానీ రౌటర్ ప్లగ్గు లేదు. కరెంటుతో పాటు రౌటర్ పడిపోయి లేచింది, కొత్త ఐపీ తెచ్చుకుంది. మళ్లీ యూజర్, పాస్‌వర్డ్ పద్ధతికే వచ్చేశా. ఎలక్ట్రీషియన్ నూట యాభై తీసుకుని రౌటర్‌ని ఇన్వర్టర్ లైన్లోకి మార్చాడు. మా ఆవిడ సీరియల్ ఫోన్లో ఆగకుండా వస్తోందని, ఈ పిచ్చి వల్ల ఇంటికి జరిగిన మొదటి లాభం ఇదేనని అంది.

జూన్ 2

ఒక గంట బాగా నడిచి, పదీ ఒకే నిమిషంలో ఆగాయి. ఐపీలు వరసగా రాసి చూస్తే పదిట్లో ఎనిమిదికి, చుక్కల మధ్య ఉండే నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ ఒకటే. పది మంది కుర్రాళ్లని పంపాను గానీ అందరి చేతిలో ఒకే దస్తూరీ ఉన్న చీటీ. షాపు ఓనరు గుర్తుపట్టడా మరి!

కోపం వచ్చి, ఆ పక్కనే డాట్ కామ్ రిజిస్ట్రీ అయిన వెరిసైన్ హూఈజ్ జవాబు అడుగున ఉన్న చిన్నక్షరాలు మొదటిసారి పూర్తిగా చదివాను. పేరు రిజిస్టర్ చేసుకోవడానికి అవసరమైనంత వరకు సరే, అంతకు మించి పెద్ద ఎత్తున ఆటోమేటిక్ ప్రశ్నలు వద్దని రాసే ఉంది. చదివాక కుర్రాళ్ల సంఖ్య పెంచాలన్న ఆలోచన కాస్త సిగ్గుగానే అనిపించింది. ప్రశ్నలు తగ్గించే దారి ఉందా అని చూడటం మొదలుపెట్టా.

జూన్ 8

ఉంది. ముందే చేసి ఉండాల్సింది.

పేరుకి నేమ్‌సర్వర్లు (ఆ పేరు ఏ కంప్యూటర్‌దో చెప్పే సర్వర్లు) ఉన్నాయా అని డీఎన్ఎస్‌ని, అంటే పేర్లని ఐపీలుగా మార్చే నెట్ డైరెక్టరీని, అడగడం తేలిక, దానికి రిజిస్ట్రీ హూఈజ్ సర్వర్ దాకా పోనక్కర్లేదు. ఉన్నాయంటే ఆ పేరు ఎవరిదో అని అర్థం, అక్కడితో వదిలేయొచ్చు. సెకనుకి ఇరవై చొప్పున 4,200 పేర్లూ మూడున్నర నిమిషాల్లో జల్లెడ పట్టాను. 2,580 ఎగిరిపోయాయి. మిగిలింది 1,620. నేమ్‌సర్వర్లు లేనంత మాత్రాన ఖాళీ అనుకోకూడదు, అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది.

డాట్ కామ్, డాట్ నెట్‌లకి హూఈజ్ మానేసి, అదే పని చేసే కొత్త పద్ధతి ఆర్‌డాప్‌కి మారాను. 2025 జనవరి 28 నుంచి ఇలాంటి పేర్లకి హూఈజ్ ఉండి తీరాలన్న నిబంధనని, డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే సంస్థ ఐకాన్ తీసేసింది, దాని స్థానం ఆర్‌డాప్‌దే. ఇది హెచ్‌టీటీపీఎస్ మీద, అంటే మధ్యలో ఎవరూ చదవలేని గుప్త రూపంలో, నడుస్తుంది. ప్రాక్సీ పెట్టినా మధ్యవాడికి పేరు కనబడదు, 43 పోర్టు గొడవా లేదు. 404 వస్తే పేరు లేదని, 429 వస్తే నెమ్మదించమని. ఎక్కడా ఊహించుకునే పని లేదు. డాట్ ఇన్ రిజిస్ట్రీని నడిపేది మన దేశపు సంస్థ నిక్సీ, దేశాల పొడిగింపులకి ఆ ఐకాన్ మార్పు వర్తించదు. దానికి ఇంకా హూఈజే వాడుతున్నా.

నాలుగు సెకన్లకొకటి చొప్పున, ఒకే థ్రెడ్‌తో, ప్రాక్సీ లేకుండా ఇంటి కనెక్షన్ మీదే వదిలా. గంటా నలభై ఎనిమిది నిమిషాలు పట్టింది. 429 ఒక్కటీ రాలేదు. నేమ్‌సర్వర్లు లేకపోయినా యజమాని ఉన్న పేర్లు 74 తేలాయి.

జూన్ 19

మొన్న ఒక పేరు కొన్నా. ఊరగాయకి సంబంధించింది, అంతకుమించి చెప్పను. దాని జత స్పెల్లింగు ఆ 74లో ఉంది, రిడెంప్షన్ గడువులో, అంటే రెన్యువల్ చేయక రద్దయిన పేరుని పాత యజమాని తిరిగి తెచ్చుకోగల గడువులో. 30 రోజుల ఆ గడువు దాటితే ఐదు రోజులు 'పెండింగ్ డిలీట్', ఆ తర్వాత బజార్లోకి. ఆ 30 రోజుల్లోగా పాత యజమాని వచ్చి విడిపించుకుంటే మనకి రాదు.

జూన్ 27

విడిపించుకోలేదు. నిన్న రాత్రి పదకొండున్నర నుంచి కాచుకు కూర్చున్నా. పన్నెండు కాకముందే పోయింది. నా స్క్రీన్ మీద 404 అసలు కనబడనే లేదు, పాత తేదీ ఉన్నచోట కొత్త తేదీ వచ్చింది, అంతే. రాలే పేర్లు పట్టే కంపెనీలు రిజిస్ట్రార్ హోదాతో నేరుగా రిజిస్ట్రీకే ఆర్డర్ కొడతాయి. అక్కడ పది ప్రాక్సీలున్నా వందున్నా ఒకటే.

ప్రాక్సీల రెన్యువల్ జులై 16న. ఎనిమిది వదిలేసి, వేరే వేరే రేంజుల్లో ఉన్న ఆ రెండూ డాట్ ఇన్ కోసం ఉంచుతా. తర్వాతి లిస్టు గుంటూరు వైపు మాటలు. గోంగూరకే ఆరు స్పెల్లింగులు తేలాయి ఇప్పటికి.