ఒక్క ఫోటోకి ఇంత తతంగం

సొంతంగా స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ పెట్టుకున్నాక నా పని మొదట ఆగింది ఫోటో దగ్గర. వెబ్‌సైట్ చేస్తున్న కుర్రాడు "మేడమ్, ఒక మంచి ఫోటో పంపండి" అన్నాడు. ఫోన్‌లో వెతికితే ఉన్నవన్నీ పెళ్లిళ్లలో తీసినవి, వెనకాల బఫే గిన్నెలతో సహా. సైట్ ఫోటోల్లో హెల్మెట్ బాగా వచ్చింది, ముఖం నీడలో ఉంది. మిగిలింది పాస్‌పోర్ట్ ఫోటో. అది చూసి తన ఇంటి స్లాబు సంగతి నన్ను నమ్మి అడిగేవాళ్లెవరూ ఉండరు.

హిమాయత్‌నగర్‌లో పోర్ట్రెయిట్లు తీసే ఒకమ్మాయి నంబరు మా స్నేహితురాలు ఇచ్చింది. ఫోన్ చేసి రేటు అడగబోతే, ఆమే నన్ను ప్రశ్నలు అడిగింది. ఫోటో ఎవరు చూస్తారు? బిల్డర్లా, ఇల్లు కట్టుకునే కుటుంబాలా? వెబ్‌సైట్‌లో అడ్డంగా వస్తుందా, బ్రోచర్‌లో నిలువుగా వస్తుందా? పక్కన అక్షరాలు వేస్తారా? వేసేటట్టయితే ఒక పక్క ఖాళీ వదిలి తీయాలట. ఇల్లు గీసేముందు మేమూ ఇలాగే అడుగుతాం కదా, ఎంతమంది ఉంటారు, పైన ఇంకో అంతస్తు వేస్తారా అని. అక్కడే నాకు ఆమె మీద గురి కుదిరింది. చాలావరకు పాత ఇళ్ల రిపేర్ల కోసం వచ్చే కుటుంబాలే నా క్లయింట్లు. కాబట్టి బ్లేజర్ వద్దు, చీరే అనుకున్నాం.

ఏ చీర అన్నదానికే ఎక్కువ టైమ్ పట్టింది. నాకు ఇష్టమైనది పోచంపల్లి. ఆమె ఒక చిన్న పరీక్ష చెప్పింది: ఆ చీరలో ఫోన్‌తో ఫోటో తీసి, స్క్రీన్ మీద తపాలా బిళ్లంత చేసి చూడమంది. చూస్తే ఇక్కత్ డిజైన్ కనిపిస్తోంది, నేను కనిపించడం లేదు. సన్న గళ్ల కాటన్ ఇంకా ఘోరం. మరీ దగ్గర దగ్గరగా ఉన్న గీతలు కెమెరా సెన్సర్‌తో పడక, బట్ట మీద లేని అలలు ఫోటోలో తేలతాయి. మెరిసే పట్టు లైటు పడినచోటల్లా తెల్లబడుతుంది. చివరికి నెమలికంఠం రంగు మంగళగిరి కాటన్ తీశాను. ఒళ్లంతా ప్లెయిన్, అంచు నిజాం బోర్డర్, మెరుపు తక్కువ. గంజి ఎక్కువైతే భుజం దగ్గర పమిట ఉబ్బి నిలబడుతుందని ఈసారి పల్చగా పెట్టించాను.

ఇంట్లో సలహాలకేం కొదవ! చెల్లెలు "అక్కా, ముందురోజు గోల్డ్ ఫేషియల్ చేయించుకో, మెరిసిపోతావ్" అంది. ఫోటోగ్రాఫర్ పంపిన వాట్సాప్ మెసేజ్‌లో దానికి సరిగ్గా ఉల్టా ఉంది: ఫేషియల్, థ్రెడింగ్ లాంటివి చివరి రోజుల్లో వద్దు, చర్మం ఎర్రబడితే దిగడానికి టైమ్ కావాలి, కొత్త క్రీములు అసలే వద్దు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకుని వస్తే ఫ్లాష్ వెలుగులో ముఖం సున్నం కొట్టినట్టు వస్తుందట. అత్తయ్య మాత్రం తన చిన్నప్పటి మాట చెప్పింది. వాళ్ల నాయనమ్మ, ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని జీవితంలో ఒక్కటీ తీయించుకోలేదట. "నువ్వు మాత్రం తీయించుకో, నవ్వు ముఖం పెట్టు" అని కూడా అంది.

జుట్టు గురించి నేనే తేల్చుకున్నాను. పాపిడి దగ్గర నెరిసింది నెరిసినట్టే ఉంచాను. మా వృత్తిలో తెల్ల వెంట్రుకలు బాగా పనికొస్తాయి. ఇరవై ఏళ్లు సైట్లలో ఎండకి నిలబడి సంపాదించుకున్నవి, రంగు వేసి ఎందుకు దాచాలి?

ఆడ ఫోటోగ్రాఫర్‌నే ఎందుకు చూసుకున్నానంటే, పమిట సర్దడానికీ పిన్ను పెట్టడానికీ మొహమాటం ఉండదని. ఈ ఊళ్లో ఇది కొత్త ఆలోచనేం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే పరదా పాటించే స్త్రీల కోసం హైదరాబాద్‌లో విడిగా జనానా స్టూడియో పెట్టించారు. దాన్ని నడిపింది కూడా ఒక మహిళే.

ఆ రోజు మధ్యాహ్నం ఎండలో ఆటోలో వెళ్లాను. నావి ఎండకి రంగు మారే కళ్లద్దాలు. స్టూడియోలో అడుగు పెట్టేసరికి నల్లగా ఉన్నాయి. అవి తేటపడేదాకా మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాం. అద్దాలు తీసేద్దామా అంటే నేను ఒప్పుకోలేదు. రేపు క్లయింట్ తలుపు తీసినప్పుడు కనబడేది కళ్లద్దాల మనిషే కదా. మెరుపు పోవడానికి ఆమె లైటు స్టాండు పైకి లేపింది, అద్దాల కాడలు చెవి దగ్గర కొద్దిగా ఎత్తింది. దాంతో అద్దాలు కిందికి వాలి, లైటు ప్రతిబింబం కెమెరాకి తగలకుండా పోయింది. ఇంత తేలికని తెలియక ఎన్ని గ్రూప్ ఫోటోల్లో నా కళ్ల స్థానంలో రెండు ట్యూబ్‌లైట్లు ఉన్నాయో!

ఆమె 85 ఎంఎం లెన్స్ పెట్టుకుని అంత దూరంలో నిలబడింది. సెల్ఫీలో ముక్కు పెద్దదిగా రావడానికి కారణం ముక్కు కాదట, ఫోన్ మరీ దగ్గరగా ఉండటం. గడ్డం కొంచెం ముందుకు చాచి, కొద్దిగా దించమంది. తాబేలులా ఉన్నానేమో అనిపించింది కానీ, ఫోటోలో మెడ దగ్గర ముడత మాయమైంది.

అయినా మొదటి ఫోటోలన్నీ బిగుసుకుపోయి వచ్చాయి. నవ్వమంటే నాకు నవ్వు రాదు, టెన్షన్ వస్తుంది. ఆమె కెమెరా దించి, "మేడమ్, మా ఇంట్లో దూలానికి పగులు వచ్చింది, ప్రమాదమా?" అని అడిగింది. ఎక్కడ వచ్చింది, ఎటు పోతోంది అన్నాను. మధ్యలో కింద నిలువుగా ఉంటే వంపు వల్ల, స్తంభం దగ్గర ఏటవాలుగా ఉంటే షియర్ వల్ల, అంటే కోత బలం వల్ల, కావచ్చు, రెండోదైతే అస్సలు ఆలస్యం చేయకూడదని చేతులతో చూపిస్తున్నాను. ఆమె తీసుకుంటూ పోయింది. వెబ్‌సైట్‌లో ఉన్న ఫోటో అప్పటిదే. ఆ పగులు నిజంగానే ఉందో లేదో నేను మళ్లీ అడగలేదు.

ఎంచుకునేటప్పుడు ఇంకో చిక్కు. లాప్‌టాప్‌లో ఏది చూసినా నా ముఖం ఒక పక్కకి పోయినట్టే ఉంది. ఆమె ఒక ఫోటోని కుడి ఎడమలు తిప్పి చూపించింది. వెంటనే బాగుందనిపించింది, ఎందుకంటే నేను రోజూ అద్దంలో చూసేది దాన్నే. మిగతా లోకం చూసేది మాత్రం రెండోదాన్ని. అందుకని ఎంపిక మా ఆయనకీ, పాత ఆఫీసులోని ఒక జూనియర్‌కీ వదిలేశాను. ఇద్దరూ ఒకటే చూపించారు. మొటిమ మచ్చ తీయించాను, కళ్ల పక్క గీతలు ఉంచమన్నాను.

డబ్బు కట్టేముందు కాగితం చదివాను, చదవడం నా వృత్తి రోగం. ఫోటోలను స్టూడియో తన ప్రచారానికి వాడుకోవచ్చని ఒక లైను ఉంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే, వేరే ఒప్పందం లేకపోతే. ఆ లైను కొట్టేయమంటే ఆమె ఏమీ అనుకోకుండా కొట్టేసింది. ఫైళ్లు డ్రైవ్ లింకులో అడగండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వస్తే నాణ్యత తగ్గిపోతుంది. ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే నాలుగంగుళాల వెడల్పుకి 1200 పిక్సెళ్లు.

ఇప్పుడు మా ఆయన ఆఫీసు ముందు ఫ్లెక్స్ పెడదాం అంటున్నారు. ఫైలు పాస్‌వర్డ్ నేనింకా ఇవ్వలేదు.